ఈదీ డబ్బులు, లక్క ఖిలౌనాలు



పోయిన రంజాన్ ఈద్ నాడు మా ఇంట్లో జరిగిన ఒక చిన్న వాఖియాతో మొదలుపెడతాను. మా నవాసాకు మూడేళ్లు నిండి నాలుగు నడుస్తోంది. ఈద్‌గాహ్ నుంచి రాగానే అందరి దగ్గరా ఈదీ వసూలు చేసుకున్నాడు. జొహర్ తర్వాత వాళ్ల మామూ వాణ్ని బండి మీద ఎక్కించుకుని ప్రొద్దుటూరు తీసుకుపోయి, ఈదీ డబ్బుల్లో సగం పెట్టి ఒక బ్యాటరీ కారు కొనిచ్చాడు. లైట్లు, సైరన్, గిరగిరా తిరగడం, అన్నీ ఉన్నాయి దాంట్లో. అసర్ దాకా ఇల్లంతా దాని మోతే. మగ్‌రిబ్ అయ్యేసరికి వాడు దాన్ని తెచ్చి నా ఒళ్లో పెట్టి, “నానా, యే మర్‌గయా” అన్నాడు.

బ్యాటరీలు మార్చి చూశాం, లేదు. స్క్రూలు విప్పి చూశాం, లోపల సన్న తీగ ఎక్కడో తెగింది, మన చేతికి అందేది కాదు. వాడు ఏడుపు మొదలుపెట్టాడు. అప్పుడు నేను లేచి అమ్మీ సందూఖ్ తెరిచి, అడుగున పాత చున్నీలో మూట కట్టి ఉన్న లక్క హండ్‌కులియా సామాను తీసి వాడి ముందు పోశాను. చిన్న హండీ, చిన్న పెనం, తిరగలి, రోలు, నాలుగు గిన్నెలు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. యాభై ఏళ్ల కిందటివి. ఇషా అజాన్ అయ్యేదాకా వాడు మా అందరికీ చాయ్ కాచి పోస్తానే ఉన్నాడు.

మా బేటీ అడిగింది: “అబ్బా, మధ్యాహ్నం కొన్నది సాయంత్రానికి పోయె. ఇవి ఇన్నేండ్లు ఎట్లున్నాయి? ఎవరు చేసినారు వీటిని?” ఆ రెండు సవాళ్లకు జవాబే ఈ మజ్మూన్. పిల్లలకు ఏ ఉమర్‌లో ఏ ఖిలౌనా ఇస్తే అది నిలుస్తుందో మాట్లాడుకుందాం. దాని వెనక మన తారీఖ్ కూడా కొంత ఉంది.

అబ్బా లారీలో వచ్చిన ఖిలౌనాలు

మా అబ్బా లారీ డ్రైవర్. ఎర్రగుంట్ల చుట్టుపక్కల గనుల్లో తీసే నాపబండలను బయటి ఊళ్లవాళ్లు కడప బండలంటారు. అబ్బా ఆ బండలు ఎత్తుకుని బెంగళూరు మీదుగా మైసూరు దాకా పోయేవాడు. బెంగళూరు నుంచి మైసూరు పోయే దారిలో, దాదాపు అరవై కిలోమీటర్ల దూరంలో చన్నపట్నం వస్తుంది. కన్నడంవాళ్లు దాన్ని బొమ్మల ఊరు అనే పిలుస్తారు. తిరుగు ప్రయాణంలో లారీ ఖాళీ. అబ్బా అక్కడ ఆగి చాయ్ తాగి, చేతిలో నాలుగు డబ్బులుంటే ఒక లక్క ఖిలౌనా కొనుక్కొచ్చేవాడు.

మా ఆపా పుట్టినప్పుడు జున్‌జునా వచ్చింది, మన తెలుగులో గిలక్కాయ. ఆపా గోడ పట్టుకుని నిలబడినప్పుడు మూడు చక్రాల నడక బండి వచ్చింది. ఆమెకు నాలుగేళ్లప్పుడు ఈ హండ్‌కులియా. నాకు ఏడేళ్లప్పుడు లట్టూ, అంటే బొంగరం. అబ్బా పెద్దగా చదువుకున్నవాడు కాదు. ఏ వయసుకు ఏది తేవాలో ఆయనకెట్లా తెలుసని నేను పెద్దయ్యాక అడిగితే నవ్వాడు. “నాకేం తెలుసు బేటా? దుకాణం ఆయన మొదలు ధర చెప్పడు. ‘బచ్చే కీ ఉమర్ క్యా?’ అని అడుగుతాడు. అది చెప్పినాకనే వస్తువు చేతికిస్తాడు.”

ఆ నడక బండి మా మొహల్లాలో ఎన్ని ఇండ్లు తిరిగిందో లెక్క లేదు. ఎవరింట్లో బిడ్డ నిలబడితే వాళ్లింటికి పోయేది. ముస్లిముల ఇండ్లు, హిందువుల ఇండ్లు అని చూసేవాళ్లు కాదు. ఒకసారి ఒక చక్రం పగిలితే వీధి చివరి వడ్ల ఆచారి తుమ్మ చెక్కతో కొత్త చక్రం చేసి బిగించాడు. మిగతా రెండు చక్రాలు ఎరుపు, అదొక్కటి నల్లగా ఉండేది. అదే బండి మీద మళ్లీ పదేళ్లు పిల్లలు నడక నేర్చుకున్నారు.

మదీనా ఇండ్లలో ఖిలౌనాలు

చన్నపట్నం సంగతికి పోయేముందు ఒక మాట. మన ఇండ్లలో ఇప్పటికీ కొందరు పెద్దలు, “బొమ్మలేంది, ఆటలేంది, దీన్‌లో వీటికి ఇజాజత్ ఉందా?” అంటారు. వాళ్ల ఫికర్ నాకు అర్థమౌతుంది. కానీ హదీస్ కితాబులు తెరిస్తే పిల్లల ఆట గురించి ఎంత నర్మీ కనబడుతుందో చూడండి.

హజ్రత్ ఆయిషా (రజి) తన సహేలీలతో గుడియాలు పెట్టుకుని ఆడుకునేవారని, ప్రవక్త (స) ఇంట్లోకి వస్తే ఆ పిల్లలు సిగ్గుపడి దాక్కునేవారని, ఆయన వాళ్లను మళ్లీ ఆటకు పంపేవారని బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. అబూ దావూద్‌లో ఇంకో రివాయత్ ఉంది. ఆమె బొమ్మల మధ్య గుడ్డ రెక్కలున్న ఒక గుర్రాన్ని చూసి, గుర్రానికి రెక్కలేమిటని ప్రవక్త (స) అడిగారు. సులేమాన్ (అలై) గుర్రాలకు రెక్కలున్నాయని మీరు వినలేదా అని ఆమె జవాబిచ్చారు. ఆయన పళ్లు కనబడేలా నవ్వారు.

నా మనసుకు ఇంకా దగ్గరగా ఉండే రివాయత్ రుబయ్యి బింత్ ముఅవ్విజ్ (రజి) చెప్పినది. ఆషూరా రోజు మదీనాలో చిన్న పిల్లల చేత కూడా రోజా పెట్టించేవాళ్లు. పిల్లలు అన్నానికి ఏడిస్తే తల్లులు ఉన్నితో చేసిన ఖిలౌనా ఇచ్చి, ఇఫ్తార్ దాకా మరిపించేవాళ్లు. ఇది కూడా బుఖారీలోనూ ముస్లింలోనూ ఉంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ ఖిలౌనా ఉన్నిది. మెత్తగా ఉంటుంది, పగలదు, తల్లి చేత్తో చేసింది. దాదాపు పన్నెండు వందల ఏళ్ల తర్వాత, 1837లో జర్మనీలో ఫ్రోబెల్ అనే ఉస్తాద్ చిన్న పిల్లల కోసం ఒక కొత్త రకం బడి మొదలుపెట్టాడు. కిండర్‌గార్టెన్ అన్న పేరు ఆయన పెట్టిందే. పిల్లలకు వరసగా ఇవ్వాల్సిన ఆటవస్తువులను ఆయన నిర్ణయించాడు. వాటిలో మొట్టమొదటిది రంగురంగుల ఉన్ని బంతి. ఆ తర్వాతే కర్రతో చేసిన గుండు, స్తంభం, ఘనం. మదీనా తల్లుల చేతికి ముందే తెలిసిన మాట ఆ ఉస్తాద్ కూడా పట్టుకున్నాడు. పసిబిడ్డకు మొదట మెత్తనిది, గుప్పిట్లో పట్టుకోగలిగేది కావాలి.

గుడియా విషయంలో చాలామంది ఫుఖహా ఆయిషా (రజి) హదీస్ ఆధారంగా పిల్లల ఆటబొమ్మలకు ఇజాజత్ ఇచ్చారు. ముఖం గీయని గుడ్డ గుడియా మేలని ఎహతియాత్ చెప్పినవారూ ఉన్నారు. మా నానీ రెండు వాదాల జోలికీ పోలేదు. పాత లుంగీ గుడ్డలో దూది నింపి, కళ్లు ముక్కు లేని గుడియా కుట్టి ఇచ్చేది. ఆపా, ఆమె సహేలీలు దానికి నికా చేసి, బరాత్ తీసి, అటుకులు బెల్లం వలీమా పెట్టేవాళ్లు. ముఖం లేకపోవడం వల్ల ఆ గుడియా ఒకరోజు దుల్హన్, ఒకరోజు జబ్బుపడ్డ బిడ్డ, ఒకరోజు టీచరమ్మ అయ్యేది.

సుల్తాన్ పులి, గరీబు గిలక్కాయ

ఇప్పుడు మన ప్రాంతం సంగతి. కడపను మయానా వంశపు పఠాన్ నవాబులు ఏలిన జమానా మీకు తెలుసు. 1779లో హైదర్ అలీ సిద్ధవటంలో కడప నవాబును లొంగదీసుకుని ఈ ఇలాఖాను తన సుల్తనత్‌లో కలుపుకున్నాడు. 1792లో శ్రీరంగపట్నం సుల్‌హ్ ప్రకారం టిప్పు సుల్తాన్ దీన్ని వదులుకోగా నిజాం చేతికి వచ్చింది. 1800లో నిజాం కుంపనీకి ఇచ్చేశాడు. మనం దత్త మండలాలం అయ్యింది అప్పుడే. అంటే పదమూడేళ్ల పాటు ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు రైతుల శిస్తు చేరిన సుల్తనత్‌కు పాయతఖ్త్ శ్రీరంగపట్నం. చన్నపట్నం కూడా అదే సుల్తనత్‌లోది.

ఆ సుల్తాన్ దగ్గర ఒక ఖిలౌనా ఉండేది. కర్రతో చేసిన పెద్ద పులి, కింద పడిపోయిన ఫిరంగీ సిపాయి మీద ఎక్కి కూర్చుని ఉంటుంది. పక్కనున్న పిడి తిప్పితే లోపలి గాలితిత్తులు ఆడి పులి గుర్రుమంటుంది, సిపాయి చెయ్యి లేస్తుంది, మూలుగు వినిపిస్తుంది. కడుపులో ఒక చిన్న వాయిద్యం కూడా ఉంది. 1799 మే 4న సుల్తాన్ షహీద్ అయ్యాక కుంపనీవాళ్లు దాన్ని లండన్‌కు ఎత్తుకుపోయారు. 1808 నుంచి ఈస్టిండియా హౌస్‌లో జనానికి చూపించారు. వచ్చినవాళ్లంతా పిడి తిప్పి తిప్పి, పక్కన లైబ్రరీలో చదువుకునేవాళ్లకు చికాకు తెప్పించేవాళ్లట. ఇప్పుడది లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అద్దాల వెనక ఉంది. ఎవరూ ముట్టుకోరాదు.

అదే సుల్తాన్ పేరుతో ఇంకో రివాయత్ చన్నపట్నంలో ఇంటింటా వినబడుతుంది. ఈరాన్ నుంచి కానుకగా వచ్చిన లక్క పూత ఖిలౌనా సుల్తాన్‌కు నచ్చిందట. అక్కడి కారీగర్లను పిలిపించి మనవాళ్లకు ఆ హునర్ నేర్పించాడట. తర్వాతి కాలంలో బావస్ మియాన్ అనే ఉస్తాద్ జపాన్ వాళ్ల చరకీ పని చూసి, ఆ పద్ధతులు ఇక్కడికి తెచ్చాడని చెప్పుకుంటారు. ఇవి కాగితం మీద ఉన్న తారీఖ్ కంటే జుబాన్ మీద నిలిచిన తారీఖ్. కానీ ఒకటి మాత్రం కళ్లారా చూడొచ్చు. ఈరోజుకీ చన్నపట్నం గల్లీల్లో ముస్లిం కారీగర్లు, హిందూ కారీగర్లు ఆ చరకీల ముందు కూర్చుని అదే పనితో హలాల్ రోజీ సంపాదిస్తున్నారు.

బాద్‌షా ఖిలౌనా అద్దాల గదిలో ఉంది. లారీ డ్రైవర్ తెచ్చిన ఖిలౌనా మా నవాసా చేతిలో ఉంది. ఇది తలుచుకుంటే నాకు ఎందుకో సంతోషమేస్తుంది.

ఎందుకు నిలుస్తాయి?

చన్నపట్నంలో వాడే కర్ర పేరు ఆలె మర. మన తెలుగులో అంకుడు. తెల్లగా, సన్న పోగుతో ఉంటుంది, తొందరగా పెచ్చులూడదు. దాన్ని కోసి నెలల తరబడి ఆరబెడతారు. సగం తడిగా ఉన్న కర్రతో చేస్తే తర్వాత చీలుతుంది, అందుకే ఈ పనిలో మొదటి హునర్ సబర్. ఆరిన ముక్కను చరకీకి బిగించి తిప్పుతూ ఉలితో రూపం తెస్తారు. పాత రోజుల్లో ఒకరు తాడు లాగి తిప్పితే ఇంకొకరు ఉలి పట్టేవాళ్లు, ఇప్పుడు కరెంటు మోటార్లు వచ్చాయి.

రంగు వేసే తీరు చూస్తే సుభానల్లాహ్ అంటారు. కుంచె ఉండదు, డబ్బా ఉండదు. చెట్ల మీద పురుగు కట్టే లక్కను కరిగించి, రంగు కలిపి, కడ్డీలుగా చేసి పెట్టుకుంటారు. గిరగిరా తిరుగుతున్న కర్రకు ఆ కడ్డీని అదిమితే రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకు ముక్కతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. మొగలి అంటే మన కేవడానే. పువ్వు నుంచి తీసిన అర్క్ బిర్యానీలోకి పోతుంది, ఆకు బొమ్మల మెరుగుకు పోతుంది. హైదరాబాద్ లాడ్ బజార్‌లో మన ఆడపిల్లలు కొనుక్కునే గాజులకూ ఇదే లక్క.

ఇదే దస్తకారి మన రాష్ట్రంలోనూ ఉంది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. అక్కడా అంకుడు కర్రే, లక్కే. ఒక దశలో అక్కడి కారీగర్లు కూడా బజారు రసాయన రంగులకు అలవాటుపడ్డారు. చింతలపాటి వెంకటపతి రాజు అనే ఆ ఊరి ఆయన వాళ్లతో కలిసి పసుపు, నీలి, జాఫ్రా గింజల వంటి వాటి నుంచి తీసిన రంగులను మళ్లీ లక్కలోకి తెచ్చాడు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

కొండపల్లి, నిర్మల్ బొమ్మలు వేరు. అవి పొనికి కర్రవి, చాలా తేలిక, మెత్తన. కొండపల్లిలో ముక్కలను చింతగింజల ముద్ద, రంపపు పొట్టుతో అతికించి పైన రంగులు వేస్తారు. నిర్మల్ కారీగర్లను నఖాష్‌లు అంటారు, మన ఉర్దూ నక్కాష్ మాటే. అందమైనవే, కానీ అవి తాఖ్‌లో పెట్టుకుని చూసుకునే బొమ్మలు. నేలకేసి కొట్టే వయసు పిల్లవాడికి ఇచ్చి, తెల్లారి విరిగిపోయిందంటే తప్పు బొమ్మది కాదు, కొన్నవాళ్లది.

నీళ్ల మీద తేలిన లట్టూ

ఇక్కడ నేను ఒక తప్పు ఒప్పుకోవాలి.

నాకు లట్టూ వచ్చిన ఏడాదే మా క్లాసులో ఒక పిల్లవాడికి వాళ్ల చాచా మద్రాసు నుంచి రేకు రైలు తెచ్చాడు. తాళం తిప్పితే పరిగెత్తేది. పిల్లలందరూ వాడి చుట్టూ మూగినారు. నా లట్టూ ఎవరూ చూడలేదు. ఇంటికొచ్చి అబ్బా ముందే, “ఇది ఉత్త కర్ర ముక్క, గరీబోళ్లది, నాకొద్దు” అన్నా. అన్నది చాలక, తీసుకుపోయి పాడుపడిన గని గుంతలో విసిరేసినా. కర్ర గదా, మునగలేదు. ఎరుపు, పసుపు చారలతో నీళ్ల మీద మెల్లగా తిరుగుతా ఉండింది. గుంత లోతుకు భయపడి దిగలేకపోయినా. మరుసటి రోజు పోయి చూస్తే ఎక్కడా లేదు.

అబ్బా ఒక్క మాట అనలేదు. తర్వాత ట్రిప్పులో నాకు తాళం కారు తెచ్చాడు. అది ఎన్ని రోజులు తిరిగిందో కూడా నాకు గుర్తులేదు, వారం అనుకుంటా. ఆ తర్వాత అబ్బా చన్నపట్నంలో ఎప్పుడూ ఖిలౌనా కొనలేదు. ఆ లట్టూ ఖరీదు ఆయనకు ఎన్ని పూటల చాయ్ అయ్యుంటుందో నాకు తట్టేసరికి నాకే పిల్లలు పుట్టారు. మాఫీ అడుగుదాం అనుకుంటూనే ఉండిపోయా. 2009లో ఆయన ఇంతెఖాల్ అయ్యారు.

అందుకే ప్లాస్టిక్ కావాలని ఏడ్చే పిల్లవాణ్ని నేను తిట్టలేను. వాడికి మెరిసేది కావాలి, పక్కవాడి దగ్గరున్నది కావాలి. అన్ని ప్లాస్టిక్ బొమ్మలూ పనికిరానివని కూడా అనను. డెన్మార్క్‌లో 1932లో ఒక వడ్రంగి కర్ర బొమ్మలతో మొదలుపెట్టిన ఖార్ఖానా లెగో. వాళ్ల ప్లాస్టిక్ ఇటుకలు 1958 నుంచి ఒకే కొలతలో వస్తున్నాయి. అప్పటి ఇటుకకు ఇప్పటి ఇటుక అతుకుతుంది. దాన్ని నిలబెట్టింది ఆ కొలత, పిల్లవాడు రోజుకొక రూపం కట్టుకునే వీలు. మా ఇంటి కారు పోయింది ప్లాస్టిక్ అయినందుకు కాదు. అది తనంతట తనే ఆడుతుంది, పిల్లవాడు చూస్తూ కూర్చోవాలి. చెడిపోతే ఎవరూ బాగుచేయలేరు.

ఏ ఉమర్‌కు ఏది?

చన్నపట్నం దుకాణదారు అడిగిన సవాలే మనమూ అడుగుదాం.

ఏడాదిన్నర లోపు బిడ్డకు ప్రతిదీ నోట్లోకే పోతుంది. ఉన్ని బంతి, గుడ్డ బంతి, కర్ర జున్‌జునా చాలు. జున్‌జునా బిడ్డ నోటికంటే పెద్దదిగా ఉండాలి, విడిపోయే ముక్కలు ఉండరాదు. బజారులో చవగ్గా దొరికే పెయింట్లలో సీసం ఉండొచ్చు, అది పసిపిల్లల మెదడుకు జహర్. ఇంత తింటే ఫరవాలేదు అన్న హద్దే దానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. రిజిస్టరైన దస్తకారులకు, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు దాంట్లో మినహాయింపు ఉంది. కాబట్టి కర్ర బొమ్మ మీద ఆ గుర్తు కనబడకపోతే భయపడొద్దు. కానీ రంగు ఏమిటని అడగండి. తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. రంగు అంటితే ఆ బిడ్డకు అది వద్దు.

ఏడాది నుంచి మూడేళ్ల దాకా నడక బండి, లాగే బండి. లాగే బండి మన నేల మీద చాలా పాతది. మొహెంజొదారో, హరప్పా తవ్వకాల్లో మట్టి చక్రాల చిన్న బండ్లు బయటపడ్డాయి, నాలుగు వేల ఏళ్లకు పైబడినవి. ఆ వయసు పిల్లవాడు ఏదైనా తన వెనక రావాలని కోరుకుంటాడు. ఈ కోరిక అప్పుడూ ఇప్పుడూ ఒకటే. కొనేముందు చక్రం ఇరుసు చూడండి. కర్ర ఇరుసు ఉన్నదైతే మన ఊరి వడ్రంగి కూడా మార్చగలడు.

మూడు నుంచి ఏడేళ్ల దాకా హండ్‌కులియా, గుడియా, కర్ర ఇటుకలు. మన పక్క గుజ్జనగూళ్లు అంటారే, అదే ఆట. దయచేసి వీటిని ఆడపిల్లలకే పరిమితం చేయొద్దు. మా నవాసా కాచిన చాయ్ మేమందరం తాగాం, వాడి మర్దానగీకి ఏ నుక్సాన్ రాలేదు.

ఏడేళ్లు దాటాక లట్టూ, గోలీలు, ఆ తర్వాత పులిజూదం, షత్రంజ్. పేరులో జూదం ఉన్నా పులిజూదంలో పందెం లేదు, పాచిక లేదు. మూడు పులులు, పదిహేను మేకలు. ఒంటరి మేకను పులి తింటుంది. మేకలన్నీ ఒకదాన్నొకటి కాచుకుంటూ కదిలితే పులి బందీ అవుతుంది. మా ఊరి గని కూలీలు మధ్యాహ్నం నాపబండ మీద ఉలితో గీతలు గీసుకుని చిన్న రాళ్లతో ఆడేవాళ్లు. అలాంటి బండ ఒకటి మా ఇంటి అరుగులో ఇప్పటికీ ఉంది. దానికంటే ఎక్కువ కాలం నిలిచే ఖిలౌనా ప్రపంచంలో దేంట్లో చేస్తారో నాకు తెలియదు. షత్రంజ్ మీద ఉలమాల్లో ఇఖ్తిలాఫ్ ఉంది, మీ మస్లక్ పెద్దలను అడిగి చూసుకోండి. పందెం పెట్టడం, నమాజ్ మరిచిపోవడం మాత్రం ఏ ఆటలోనూ కుదరదు.

రెండేళ్ల కిందట చన్నపట్నం పోయినప్పుడు

మా అబ్బాయి పని మీద బెంగళూరు పోతే నేనూ వెంట పోయి, ఒక పూట చన్నపట్నం వెళ్లొచ్చా. జేబులో ఆపా జున్‌జునా పెట్టుకుని పోయా. ఒక గల్లీలో పెద్దాయన చరకీ ముందు కూర్చుని పని చేసుకుంటున్నాడు. సలాం చెప్పి చూపించా. అటూ ఇటూ తిప్పి చూసి, “మా వాలిద్ జమానాదిలా ఉంది” అన్నాడు. పైన కొత్త లక్క వేసి ఇవ్వగలరా అని అడిగా. వేయగలను, రెండు నిమిషాల పని, కానీ ఈ గుర్తులు పోతాయి, పర్వాలేదా అన్నాడు. వేలితో చూపించాడు. పిడి మీద చిన్న చిన్న నొక్కులు. ఆపా పళ్లు, నా పళ్లు, మా పిల్లల పళ్లు. వద్దులే అని వెనక్కి తీసుకున్నా.

ఆయనకు ఇద్దరు కొడుకులు. ఒకడు బెంగళూరులో క్యాబ్ నడుపుతాడు, ఇంకొకడు ఫోన్ల షాపులో పనిచేస్తాడు. ఎవరూ చరకీ ముందు కూర్చోలేదు. దాని గురించి ఆయన బాధగా చెప్పలేదు. “రోజంతా కూర్చుంటే వచ్చేది వాళ్లకు సరిపోదు, నేనే వద్దన్నా” అన్నాడు.

నాకు ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది. మన ఈదీలు, అఖీఖా కానుకలు, పుట్టినరోజు కానుకలు లెక్కవేస్తే ఒక్కో ఖాందాన్ ఏడాదికి ఎంత ఖర్చు పెడుతుందో మీకే తెలుసు. పది పగిలిపోయే వస్తువులకు బదులు ఒక్క నిలిచేది కొందాం. లేపాక్షి దుకాణాల్లో ఏటికొప్పాక బొమ్మలు దొరుకుతాయి. మైసూరు దారిలో పోయేవాళ్లు చన్నపట్నంలో ఒక అరగంట ఆగొచ్చు. అదీ కుదరకపోతే మీ వీధి వడ్రంగికి నాలుగు కర్ర ఇటుకలు నున్నగా గీసిమ్మని చెప్పండి. పాత లుంగీ, గుప్పెడు దూది ప్రతి ఇంట్లో ఉంటాయి.

ఆ రోజు ఆయన దగ్గర ఒక లట్టూ కొన్నా. ఎరుపు, పసుపు చారలది. మా నవాసాకు ఏడేళ్లు రావడానికి ఇంకా మూడేళ్లు పైనే ఉంది, అందుకే అమ్మీ సందూఖ్‌లో అదే చున్నీలో కట్టి పెట్టా. మా బేటీకి చెప్పి ఉంచా. వాడికి ఏడేళ్లు వచ్చినప్పుడు నేను లేకపోతే నువ్వే ఇవ్వు, వాడు దాన్ని ఏ నీళ్లలోనో విసిరేసినా ఏమీ అనొద్దు.

అల్లాహ్ మన పిల్లల చేతుల్లో, ఆ కారీగర్ల చేతుల్లో బర్కత్ ఇచ్చుగాక. మా అబ్బా మగ్‌ఫిరత్ కోసం ఒక దుఆ చేయండి.

వస్సలాం.